ఐదో మీటరు

ఆళ్లగడ్డలో నాలుగు వార్డులకు కరెంటు బిల్లులు కొట్టేది ఇమ్మానుయేలే. నెల మొదలుకాగానే చేతిలో బిల్లు మిషను, భుజాన నీళ్ల సీసా పెట్టుకున్న సంచి, తలకు తడిపి చుట్టుకున్న తువ్వాలు. రోజుకు రెండొందల గడపలు. పందొమ్మిదేళ్లుగా ఇదే పని, ఇప్పటికీ కాంట్రాక్టు మీదనే. కొట్టిన బిల్లుకు ఇంత అని లెక్క. ఆయన భార్య కరుణమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇద్దరి సంపాదన కలిస్తే ఇల్లు గడుస్తుంది, మిగిలేదేమీ ఉండదు.

అలాంటి మనిషి చేతికి నిరుడు ముప్పై ఆరు లక్షలు వచ్చాయి. హైవే పక్కన తండ్రి వదిలిపోయిన పొలం రోడ్డు వెడల్పులో పోయింది. తమ్ముడి వాటా తమ్ముడికి ఇచ్చాక ఆయనకు మిగిలిన పరిహారం అది. బ్యాంకు నుంచి మెసేజి వచ్చిన రోజు నడిరోడ్డు మీద ఆగిపోయి సున్నాలు లెక్కపెట్టుకున్నాడు. నమ్మకం కుదరక ఫోను తీసుకుపోయి మందుల షాపతనికి చూపించాడు. అతనూ లెక్కపెట్టి అంతేనన్నాడు.

ఆ డబ్బుతో ఏం చేయాలో తేల్చుకోవడానికి ఇమ్మానుయేలుకు ఎంతోసేపు పట్టలేదు. స్మార్ట్ మీటర్లు వస్తాయని, ఇక ఇంటింటికీ మనిషి తిరగాల్సిన పని ఉండదని రెండేళ్లుగా అందరూ అంటున్నారు. తన వయసు నలభై ఏడు. ఉద్యోగం పోయాక కూడా నెల నెలా ఏదో ఒకటి చేతికి రావాలి. అద్దెలొచ్చే ఇల్లు కొందామన్నాడు.

“బ్యాంకులో ఏసి పెట్టుకుంటే ఇంతకంటే ఎక్కువే వస్తాది గదయ్యా” అంది కరుణమ్మ.

“వస్తాది. కానీ పదేండ్ల తర్వాత కూడా అంతే వస్తాది. అప్పుడా దుడ్లకు బియ్యం మూట కూడా రాదు. అద్దె ఏడాదికి రెండొందలో మూడొందలో పెరుగుతాంటాది. ఇల్లు ఇల్లుగా ఉంటాది.”

ఇళ్ల సంగతి ఇమ్మానుయేలుకు తెలిసినంతగా బ్రోకర్లకు కూడా తెలియదు. పందొమ్మిదేళ్లు మీటర్లు చూసిన మనిషి. మీటరు సున్నా తిరిగిందంటే ఆ నెల ఇల్లు ఖాళీ. ఓనరు ఎనిమిది వేలు అద్దె వస్తుందని ఎంత గొప్పగా చెప్పినా, ఏడాదిలో నాలుగు నెలలు మీటరు కదలకపోతే ఆ ఎనిమిది వేలు నోటి మాటే. అందుకే ఆయన ఎక్కడికి పోయినా అద్దె ఎంతని ముందు అడగడు. ఏడాదికి ఎన్ని నెలలు తాళం పడుతుందో చూసుకుంటాడు. ప్రతి మీటరు మీదా సర్వీసు నంబరు ఉంటుంది. ఆ నంబరు ఫోనులో కొడితే పాత బిల్లులు ఎవరికైనా కనిపిస్తాయి.

జిల్లా కేంద్రమయ్యాక నంద్యాలలో అందరి చూపూ బైపాసు మీద పడింది. కొత్త అపార్టుమెంట్లు, కొత్త రేట్లు. ఇమ్మానుయేలు అక్కడ ఒక ఫ్లాటు చూశాడు. నెలకు పదకొండు వేలు అద్దె అన్నారు. సర్వీసు నంబరు కొట్టి చూస్తే ఏడు నెలలుగా సున్నా. ఇంకోచోట అద్దె ఒకేసారి రెండింతలు చేస్తే ఉన్నవాళ్లంతా లేచిపోయారు. ఆయన కోరుకున్నది అలాంటి జోరు కాదు. పదేళ్లుగా అద్దెలు నిదానంగా పెరుగుతూ, ఒకరు ఖాళీ చేస్తే వారంలో ఇంకొకరు దిగే పాత వీధి. నాలుగు నెలల్లో ఏడు ఇళ్లు చూశాడు. ఏదీ కుదరలేదు.

ఎనిమిదోది షాకీర్ చూపించాడు. షాకీర్ ఇళ్ల బ్రోకరు. ముప్పై ఐదేళ్లుంటాయి. ఉన్నదున్నట్టు చెబుతాడని నంద్యాలలో పేరు.

“అన్నా, స్టేషను దారిలో పాత వీధి. కింద రెండు పోర్షన్లు, పైన రెండు. నాలుగూ నిండినాయి. కిరాణా హోల్‌సేల్ వెంకటరామయ్య సావుకారుది. ముప్పై ఎనిమిది అంటాండాడు. ఇప్పటికే రెండు పార్టీలు చూసిపోయినారు. బేగా రా.”

ఆదివారం పోయాడు. పాత ఇల్లే గాని గోడలు గట్టివి. వెంకటరామయ్య అరవై దాటిన మనిషి, తెల్లటి చొక్కా, మెల్లటి మాట. దగ్గరుండి నాలుగు పోర్షన్లూ చూపించాడు. పైన ఎడమవైపు బట్టలు కుట్టే హుస్నా, ఆమె భర్త ఉంటున్నారు. ఆరేళ్లయిందట. మిగతా మూడిళ్లవాళ్లూ మూడేళ్లకు తక్కువ లేరు. ఒక్కొక్కరు ఐదు వేలకు అటూ ఇటూ ఇస్తున్నారు. కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, మిగతాదానికి బోరు ఉంది.

మెట్ల కింద చిన్న గది ఒకటి తాళం వేసి ఉంది.

“ఇదేంది సావుకారూ?”

“పాత సామాన్లప్పా. అమ్మేటప్పుడు ఖాళీ చేసిస్తా.”

గోడకు ఐదు మీటర్లున్నాయి. ఐదోది బోరు మోటారుదన్నాడు. కాగితాల సంగతి అడిగితే, “మా అమ్మ పేరు మీద ఉంది. నాయన మా చిన్నప్పుడే పోయినాడు. అమ్మకు నేనొక్కడినే. వారసుల కాగితానికి పెట్టినా, రెండు వారాల్లో వస్తాది. ముందు ఐదు లక్షలు అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుందాం” అన్నాడు.

తరువాతి ఆదివారం ఇమ్మానుయేలు కరుణమ్మను కూడా తీసుకుపోయి చూపించాడు. ఆమెకు వంటిళ్లు నచ్చాయి. తక్కువ పడే రెండు లక్షలు తమ్ముడి దగ్గర చేబదులు తీసుకుందామనుకున్నారు. వచ్చేటప్పుడు ఐదు సర్వీసు నంబర్లూ చీటీ మీద రాసుకున్నాడు. సావుకారు ఇచ్చిన అగ్రిమెంటు నకలు జేబులో పెట్టుకుని, శుక్రవారం అడ్వాన్సు ఇస్తానని మాట కూడా ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఆళ్లగడ్డలో ఇంటి ముందు మంచం మీద కూర్చుని నంబర్లు ఒక్కొక్కటే ఫోనులో కొట్టాడు. మొదటి నాలుగు మీటర్లూ ఆయన ఆశపడ్డట్టే ఉన్నాయి. ఏడాదిన్నరలో ఒక్క నెల కూడా సున్నా లేదు. ఇలాంటి ఇంటి కోసమే కదా నాలుగు నెలలు తిరిగిందనుకున్నాడు. మనసు తేలికైంది. కరుణమ్మను పిలిచి చూపించాడు.

ఐదో నంబరు ఊరికే కొట్టాడు.

డిసెంబరులో ఏడు యూనిట్లు. జనవరిలో ఎనిమిది. మార్చిలో పదిహేను. ఏప్రిల్‌లో ఇరవై రెండు. మే నెలలో ఇరవై ఆరు. వానలు పడ్డాక మళ్లీ పదమూడు, పది.

ఇమ్మానుయేలు ఫోను కింద పెట్టాడు. మళ్లీ తీసి చూశాడు.

“ఏందయ్యా?” అంది కరుణమ్మ.

“నాలుగిండ్లకు నీళ్లు తోడే మోటారు ఏడు యూనిట్లతో తిరగదు. యాభయ్యన్నా కావాల. ఈ మీటరు చలికాలం తగ్గుతాంది, ఎండాకాలం పెరుగుతాంది.”

“అయితే?”

“మోటారుకు ఉక్క పోస్తాదా కరుణా? ఆ గదిలో ఎవరో మనిషుండారు. ఒక బల్బు. ఎండలొస్తే ఒక ఫ్యాను.”

కరుణమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తాము చూసినప్పుడు ఆ గదికి బయటి నుంచి తాళం ఉంది. లోపల మనిషిని పెట్టి తాళం వేశారేమోనన్న ఆలోచన ఇద్దరికీ ఒకేసారి వచ్చింది.

మంగళవారం పొద్దున డ్యూటీకి సెలవు చెప్పి ఇమ్మానుయేలు నంద్యాల బస్సెక్కాడు. షాకీర్‌కు చెప్పలేదు. వెంకటరామయ్యకు అసలే చెప్పలేదు. పది గంటలకు ఆ వీధిలోకి పోయేసరికి మగవాళ్లంతా పనులకు పోయారు. పైన కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది. మీటర్ల దగ్గర నిలబడి చూశాడు. ఐదో మీటరు మీద కరెంటు వాడుతున్నట్టు చిన్న ఎర్ర లైటు ఉండి ఉండి వెలుగుతోంది. బోరు మోటారేమో ఆగి ఉంది, దాని తీగ కింది పోర్షను మీటరుకు పోతోంది.

మెట్ల కింద తలుపుకు తాళం లేదు. లోపల గడియ వేసి ఉంది. తట్టాడు.

“ఎవరూ?” ఆడమనిషి గొంతు.

ఎవరో ఉంటారనుకునే వచ్చాడు. అయినా ఆ గొంతు వినగానే ఇమ్మానుయేలు ఒక అడుగు వెనక్కి వేశాడు.

తలుపు తీసినామెకు యాభై ఆరు, యాభై ఏడేళ్లుంటాయి. శుభ్రమైన నేత చీర, తలస్నానం చేసి వదులుగా వేసుకున్న జడ. ఆమె వెనక మెట్ల వాలుకు వంగిపోయిన కప్పు. ఒక మడత మంచం, ఒంటి పొయ్యి గ్యాసు, దేవుడి పటం, స్టూలు మీద తిరుగుతున్న టేబుల్ ఫ్యాను. మనిషి నిటారుగా నిలబడాలంటే తలుపు దగ్గరే వీలవుతుంది.

“మీటరా నాయనా? మొన్ననే కొట్టిపోయినారే” అంది.

“మీటరు కాదమ్మా. మీరు ఈడనే ఉంటారా?”

“ఈడనే. పదకొండేండ్లాయ.”

“అద్దెకా?”

ఆమె నవ్వింది. “నాకు అద్దేంది నాయనా. ఈ ఇంటి చిన్నకోడలిని నేను. రామేశ్వరమ్మ. వెంకటరామయ్య మా బావగారు.”

అమ్మకు నేనొక్కడినే అని సావుకారు చెప్పిన మాట ఇమ్మానుయేలు చెవిలో అలాగే ఉంది.

“ఎండలో వచ్చినట్టుండావే. కూర్చో” అని ఆమె స్టూలు మీది ఫ్యాను తీసి కింద పెట్టి, స్టూలు బయటికి జరిపి, మంచినీళ్లు తెచ్చింది. ఆయన అడిగినవాటికి దాపరికం లేకుండా చెప్పింది. అత్తగారు పోయిన నాలుగేళ్లకు భర్త గుండెపోటుతో పోయాడు. పిల్లలు లేరు. అప్పటిదాకా కింద ముందు పోర్షనులో ఉండేవాళ్లు. ఒక్కదానికి అంత ఇల్లెందుకు, అద్దెకిస్తే ఆ డబ్బుతో నీ తిండి గడుస్తుందని బావగారు ఈ గదిలోకి మార్చాడు. నెలకు బియ్యం, కందిబేడలు ఆయన అంగడి నుంచి వస్తాయి. పైఖర్చుకు పదిహేను వందలు.

“ఎవరు చూస్తారు నాయనా ఈ రోజుల్లో? ఆయన రుణం తీర్చుకోలేనిది.”

“మొన్న ఆదివారం ఇంట్లో లేరు గదమ్మా మీరు?”

“మహానందికి పోయింటి. బావగారే పంపించినాడు. ఈ నెలన్నరలో నాలుగుసార్లు! బస్సు చార్జీలిచ్చి, పొద్దున్నే పోయి దర్శనం చేసుకుని సాయంత్రం నిదానంగా రామ్మా అంటాడు. పదకొండేండ్లలో ఎప్పుడూ లేంది, ఇప్పుడు నా మీద ఎంత దయొచ్చిందో ఆయనకు.”

నాలుగుసార్లు. అంతకుముందు వచ్చిన రెండు పార్టీలు, తాను వచ్చిన రెండు ఆదివారాలు. ఇమ్మానుయేలు నీళ్లు తాగకుండానే గ్లాసు గడప మీద పెట్టాడు.

“ఇంతకీ నువ్వెవరు నాయనా? అద్దెకు చూస్తాండావా? పోర్షన్లేవీ ఖాళీ లేవే.”

అవునమ్మా, అద్దెకే వచ్చానని చెప్పి లేచిపోయి ఉండవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఆయనే తరువాత భార్యతో అన్నాడు. కానీ ఆమె ముఖం చూస్తూ అబద్ధం చెప్పలేకపోయాడు.

“ఇల్లు కొనేదానికి వచ్చినానమ్మా.”

“యా ఇల్లు?”

“ఇదే.”

రామేశ్వరమ్మ తల అడ్డంగా ఊపింది.

“లేదు లేదు. నువ్వు వీధి తప్పి వచ్చినట్టుండావ్. మా బావగారు ఈ ఇల్లు అమ్మడు. అమ్మితే నాకు చెప్పడా?”

ఇమ్మానుయేలు జేబులోంచి అగ్రిమెంటు నకలు తీసి ఇచ్చాడు. ఆమె తలుపు దగ్గరి వెలుతురులోకి జరిగి చదువుకుంది. ఇంటి నంబరు చదివింది. అత్తగారి పేరు చదివింది. బావగారి పేరు పక్కన ఏకైక కుమారుడు అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. కాగితం మడిచి తిరిగి ఇవ్వబోతే చేతిలోంచి జారి కిందపడింది. వంగి తీయబోయి, అలాగే గడప మీద కూలబడింది.

“మరి ఆయన? మా ఇంటాయన? ఆయన పుట్టనే లేదా?”

ఇమ్మానుయేలు కిందపడిన కాగితం తీసి ఆమె పక్కన పెట్టాడు.

“నన్ను యాడ పెడ్తానన్నాడు? ఏమన్నా చెప్పినాడా నీకు?”

“ఈ గదిలో పాత సామాన్లుండాయని చెప్పినాడమ్మా.”

“పాత సామాన్లు” అంది ఆమె మెల్లగా. వెనక్కి తిరిగి గదిలోకి చూసుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఇమ్మానుయేలు భయపడి పైకి కేక వేశాడు.

హుస్నా పరుగున దిగి వచ్చింది. విషయం విని ఆమె ముఖం పాలిపోయింది. “ఇండ్లు చూసేవాళ్లొస్తారు, కింద గది మాట ఎత్తొద్దని సావుకారు చెప్పినాడు. మునిసిపాలిటీ నుంచి ఇంటి పన్ను వేసేవాళ్లేమో అనుకుంటిమి. అమ్ముతాండాడని నాకు తెలీదమ్మా, అల్లా మీద ఒట్టు” అని రామేశ్వరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చేసింది. నీళ్లు తాగించింది, తన కొంగుతో ముఖం తుడిచింది.

ఇమ్మానుయేలు షాకీర్‌కు ఫోను చేశాడు. అతను పావుగంటలో వచ్చాడు. మెట్ల కింద ఆ మంచం, ఆ పొయ్యి చూసి తలుపు దగ్గరే బిగుసుకుపోయాడు.

“ఇండ్లు చూపించేదానికి టైము నేనే మాట్లాడుతాంటినన్నా” అన్నాడు చివరికి. “ఒకరోజు ముందు చెప్పమనేవాడు సావుకారు. ఇల్లు చిమ్మించేదానికనుకుంటి. ఆమెను పంపించేదానికని నాకేం తెలుసు?”

ఇద్దరూ కలిసి అంగడికి పోయారు. వెంకటరామయ్య బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇమ్మానుయేలు విషయం చెప్పగానే దబాయిస్తాడనుకున్నారు. దబాయించలేదు. గుమస్తాను బయటికి పంపి, టీ తెప్పించాడు.

“పదకొండేండ్లు తిండి పెట్టినా. ఎవరు పెడ్తారప్పా? సొంత కొడుకులు పెడ్తాండారా ఈ కాలంలో? కొత్తపల్లె పక్కన ముసిలోళ్లను పెట్టుకునే చోటొకటుంది. మాట్లాడినా. నెలనెలా కడ్తానని ఒప్పుకున్నా. నేనేం రోడ్డు మీద వదిలేస్తాండానా?”

“ఆమెకు చెప్పినావా సావుకారూ?”

“చెప్పేదానికేముంది? నేనేం చెప్తే అది వింటాది.”

ఆ మాట అంత మామూలుగా వచ్చింది. షాకీర్ టీ గ్లాసు ముట్టకుండా కింద పెట్టేశాడు. వెంకటరామయ్య ఇమ్మానుయేలు వైపు వంగాడు.

“చూడప్పా. నీకు ఇల్లు కావాల, నాకు దుడ్లు కావాల. మా ఇంటి సంగతి మాది. ముప్పై మూడుకు రాసిచ్చేస్తా. ఆ వీధిలో ఆ రేటుకు రేకుల షెడ్డు కూడా రాదు. రేపొచ్చి అడ్వాన్సు ఇయ్యి.”

ఐదు లక్షలు తక్కువ. నిండిన నాలుగు పోర్షన్లు. ఏడాదిన్నరలో సున్నా చూడని మీటర్లు. ఇమ్మానుయేలు ఆ మాటకు వెంటనే లేచి రాలేదు. ఆ టీ తాగేంతసేపు లోపల లెక్క తిరిగిందని, చేతిలో మిగిలే మూడు లక్షలతో పైన ఇంకో గది కూడా వేసుకోవచ్చని తోచిందని ఆయన దాచుకోకుండా చెబుతాడు. తనకు అలా తోచినందుకు ఆ రోజంతటిలో దేనికీ అదరనంతగా అదిరిపోయాడట.

“నాకొద్దు సావుకారూ” అని లేచాడు. “ఆమెకు చెప్పేసినా. కాగితం కూడా ఆమె దగ్గరే పెట్టొచ్చినా.”

అప్పుడు మాత్రం వెంకటరామయ్య ముఖంలో రంగు మారింది.

షాకీర్‌కు తెలిసిన వకీలు ఆదిలక్ష్మి అని ఒకామె కోర్టు దగ్గర ఉంటుంది. మర్నాడు రామేశ్వరమ్మను, తోడుగా హుస్నాను అక్కడికి తీసుకుపోయారు. రామేశ్వరమ్మ భర్త చావు సర్టిఫికెట్టు, అత్తగారిది పక్కపక్కన పెట్టి వకీలమ్మ తేదీలు చూసింది.

“అత్త ముందు పోయింది. ఆ రోజే ఇల్లు ఇద్దరు కొడుకులదీ అయింది, చెరిసగం. తర్వాత మీ ఆయన పోయినాడు. పిల్లలు లేరు గాబట్టి ఆయన సగం మీది. మీరు పదకొండేండ్లుగా మీ ఇంట్లోనే ఉండారు తల్లీ. ఇంకా చెప్పాలంటే, వచ్చిన అద్దెల్లో సగం మీకు రావాల.”

తాను దయ మీద బతుకుతున్నానని పదకొండేళ్లు అనుకున్న మనిషికి ఆ మాట తలకెక్కలేదు. “ఎవరి సగం?” అని మూడుసార్లు అడిగింది. మూడోసారి వకీలమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుని, ఆమె భుజం మీద చేయి వేసి చెప్పింది. రామేశ్వరమ్మ అప్పుడు ఏడ్చింది. సంతోషంతో కాదు. “అయితే ఆయనకు అన్నీ తెలుసు గదా. తెలిసే బియ్యం పంపించినాడు గదా” అంటూ ఏడ్చింది.

నోటీసు పోయింది. వెంకటరామయ్య మొదట ఊరంతా తిరిగి, ఆళ్లగడ్డ నుంచి ఎవడో వచ్చి తన కుటుంబంలో చిచ్చు పెట్టాడని చెప్పుకున్నాడు. ఇమ్మానుయేలుకు ఫోనులో తిట్లు కూడా వచ్చాయి. రెండు వారాలు కరుణమ్మ ఆయన్ను చీకటి పడ్డాక బయటికి పోనియ్యలేదు. తరువాత సావుకారు కులపెద్దలు కూర్చున్నారు. కోర్టుకెక్కితే అద్దెల లెక్క మొత్తం బయటికొస్తుందని వకీలమ్మ గట్టిగా చెప్పడంతో వెంకటరామయ్య దిగివచ్చాడు. ఎనిమిది నెలలకు కింది రెండు పోర్షన్లు రామేశ్వరమ్మ పేర రిజిస్ట్రేషన్ అయ్యాయి. పాత అద్దెల కింద రెండు లక్షల చిల్లర ఇచ్చాడు. ఆమెతో మాటలు మానేశాడు. బావగారి ఇంటి నుంచి ఆమెను చూడడానికి ఎవరూ రారు. ఆ బాధ ఆమెకు ఉంది. గెలిచానని ఆమె ఎప్పుడూ అనదు.

ముందు పోర్షనులో ఆమె ఉంటోంది. వెనకది అద్దెకిచ్చింది. మొదటి నెల ఐదు వేల రెండొందలు చేతికి వచ్చినప్పుడు ఇమ్మానుయేలుకు ఫోను చేసి, “నేనేమీ చేయకుండానే ఇస్తాండారు నాయనా, తీసుకోవచ్చునా?” అని అడిగింది. ఆ పోర్షనులోకి మారిన మొదటి నెలన్నర ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. లేచి నిలబడాలంటే తల వంచుకునే లేచేది. ఇప్పుడిప్పుడే ఆ అలవాటు పోతోందని హుస్నా చెబుతుంది.

ఇమ్మానుయేలు మీద ఆ సంగతి వేరే విధంగా పని చేసింది. నంద్యాల నుంచి వచ్చిన మరుసటి నెల బిల్లులు కొడుతూ ఒక మీటరు దగ్గర ఆగిపోయాడు. ఆరు యూనిట్లు. మిషను చీటీ చించి గుమ్మంలో పెట్టి పోవడమే ఇన్నేళ్లూ చేసిన పని. తన నాలుగు వార్డుల్లో అలాంటి మీటర్లు ఎన్ని ఉన్నాయో ఒక్కసారి గుర్తుకొచ్చి ఆయన అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాడు. పందొమ్మిదేళ్లు వాటిని చూశాడు. ఏడు, తొమ్మిది, ఆరు. వాటి వెనక ఎవరున్నారని ఒక్కసారి అనుకోలేదు. ఆ రోజు తలుపు తట్టాడు. లోపల కాలు విరిగి మంచం పట్టిన పెద్దాయన ఒకడు. కూతురు రోజూ వచ్చి వండిపెట్టి పోతోంది. బాగానే ఉన్నాడు. అయినా ఇమ్మానుయేలు ఆయన మంచం పక్కన కాసేపు కూర్చుని లేచాడు.

చివరికి ఆయన ఇల్లు ఆళ్లగడ్డలోనే కొన్నాడు. ఇరవై ఎనిమిది లక్షలు. రెండు పోర్షన్లు, నెలకు తొమ్మిది వేలు. పెద్ద లాభమేం కాదు. రెండు పోర్షన్లలోనూ బడి టీచర్లు ఉంటున్నారు. అద్దె ఏటా ఒక మాదిరిగా పెరుగుతుంది. కొనేముందు ఓనరు అన్నదమ్ములు నలుగురినీ, అక్కచెల్లెళ్లు ఇద్దరినీ ఊరూరా తిరిగి కలిశాడు. గడివేములలో ఉన్న చిన్న చెల్లెలు, “మా అన్న అమ్ముతాండాడని నువ్వు చెప్తేగాని నాకు తెలీదు” అంది. ఆమె సంతకం కూడా వచ్చేదాకా రెండు నెలలు ఆగాడు. నంద్యాలలో ఆ వీధిలో ఇప్పుడు అలాంటి ఇల్లు యాభైకి తక్కువ లేదని షాకీర్ చెప్పినప్పుడు కరుణమ్మ ఒక్క క్షణం భర్త ముఖం చూసి, లేచి వంటింట్లోకి పోయింది.

స్మార్ట్ మీటర్లు ఇంకా ఆ వార్డులకు రాలేదు. వచ్చేదాకా తిరుగుతూనే ఉంటానంటాడు ఇమ్మానుయేలు. ఈ మధ్య ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఆయన్ను తోడు రమ్మంటున్నారు. పోతాడు. గోడలు చూస్తాడు, నీళ్లు చూస్తాడు, బిల్లులు చూస్తాడు. అన్నీ అయ్యాక ఓనరును పక్కకు పిలిచి, “ఈ ఇంట్లో పుట్టినోళ్లు, ఈ ఇంటికి మెట్టినోళ్లు అందరూ ఇప్పుడు యాడుండారప్పా?” అని అడుగుతాడు. చాలామంది నవ్వి చెబుతారు. కొందరికి కోపం వస్తుంది. పోయిన నెల ఒకాయన ముఖం మీదనే తలుపు వేశాడు. కొనడానికి వచ్చినవాళ్లు కూడా ఇమ్మానుయేలునే తప్పుపట్టారు, మంచి బేరం చెడగొట్టాడని. ఆయన ఎండలో ఇంటికి నడిచి వచ్చాడు.